మూడోసారి గ్యాస్

"గ్యాస్ ఎక్కించావా, గాలి ఎక్కించావా?"

గురవమ్మ గొంతు వీధి చివరిదాకా వినిపించింది. నజీర్ ఇంకా బండికి స్టాండు కూడా వెయ్యలేదు.

"నెలలో ఇది మూడోసారి! పేట నుంచి మంచి మెకానిక్కని పిలిస్తే ఇదా నీ పని? పోయినసారి ఏదో నట్టు వదులైందని చూపించి మరీ బిగించావు. మళ్లీ వారం తిరక్కుండా చల్లదనం పోయింది."

"చూస్తానమ్మా," అన్నాడు నజీర్.

"చూసేదేముందన్నా, కాస్త గ్యాస్ కొట్టేసి పో," అంది గురవమ్మ కూతురు మాధురి. తమ్ముడి పెళ్లికని వచ్చి, పిల్లలకి సెలవులు కదా అని ఉండిపోయింది. నజీర్‌కి ఫోన్ చేసింది కూడా ఆమే. "ఏసీ ఆగిందంటే మేమంతా డాబా ఎక్కాల్సిందే. రాత్రి పిల్లల్ని దోమలు పీక్కుతిన్నాయి."

"ఎక్కడ పోతోందో చూడకుండా గ్యాస్ ఎక్కించకూడదండీ."

పక్కింటి సుబ్బరావమ్మ గోడ మీదుగా తొంగి చూసింది. "మా ఏసీకి కూడా ఇతన్నే పిలుద్దామనుకున్నా. నయం, పిలిచాను కాదు."

నజీర్ చెవులు వేడెక్కాయి. తల వంచుకుని, మెయిన్ ఆపేసి, సామాను భుజాన వేసుకుని డాబా ఎక్కాడు.

పైన కారానికి ఎండబోసిన మిరపకాయల ఘాటు. గురవమ్మ కొడుకు వీరబాబు సబ్బునీళ్ల బకెట్టు పట్టుకుని వెనకే వచ్చాడు. పెళ్లై నలభై రోజులైనా కాలేదు. నజీర్ గ్లవ్స్ తొడుక్కుని గేజి తగిలించాడు. ముల్లు సున్నా మీదే నిలబడింది. గ్యాస్ మొత్తం పోయింది.

బయటి యూనిట్‌కి రాగి గొట్టం కలిసే చోట వంగి చూశాడు.

"వీరబాబు గారూ, ఇటు రండి. ఈ నల్ల గీత చూశారా? పోయినసారి నట్టు బిగించాక నేనే గీశాను, కదిలితే తెలుస్తుందని. అప్పుడు ఒకే గీత. ఇప్పుడు సగం అక్కడుంది, సగం ఇక్కడుంది."

"మోటారు అదురుకి వదులైందేమో అన్నా."

"అదురుకి ఇంత తిరగదు. ఇవిగో, పానా పట్టిన గాట్లు. ఎవరో విప్పారు."

నజీర్ ఆలోచించాడు. ఇంట్లో ఉన్నది ఒక్క ఏసీ. అది కొత్త జంట గదిలో ఉంది. అది పనిచేసినన్నాళ్లూ తల్లి, అక్క, పిల్లలు, అందరి పక్కలూ ఆ గదిలోనే. అది ఆగితేనే వాళ్లంతా డాబా మీదికి వచ్చేది, గది జంటకి దక్కేది.

విషయం అర్థమయ్యేసరికి అతనికే సిగ్గేసింది.

"తప్పుగా అనుకోకండి," అన్నాడు గొంతు తగ్గించి. "పెళ్లైన కొత్త, నేనూ అర్థం చేసుకోగలను. కానీ ఇది మంటంటుకునే గ్యాస్. అది పోతున్నప్పుడు పక్కన ఎవరన్నా అగ్గిపుల్ల గీస్తే ప్రమాదం. చేతిమీద చిమ్మితే చర్మం ఊడొస్తుంది. దయచేసి ఇంకెప్పుడూ విప్పకండి."

వీరబాబు ముఖం కందిపోయింది. "నేను..." అని ఆగాడు. కింద పెరట్లో అతని భార్య తేజశ్రీ బట్టలు ఆరేస్తోంది. ఒకసారి ఆమె వైపు చూసి, చప్పున చూపు తిప్పుకున్నాడు.

"ఇంక జరగదన్నా. అమ్మకి మాత్రం చెప్పొద్దు," అన్నాడు.

నజీర్ నట్టు బిగించాడు. గొట్టాల్లో నైట్రోజన్ నింపి, అతుకులకి సబ్బు నురగ రాసి, ఎక్కడా బుడగ రావడం లేదని చూసుకున్నాడు. పంపు పెట్టి లోపలి గాలీ తేమా లాగేశాడు. తర్వాత సిలిండర్‌ని కాటా మీద పెట్టి, యూనిట్ మీద ఎంత రాసి ఉందో సరిగ్గా అంతే ఎక్కించాడు. రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటల్లో వీరబాబు ఒక్కసారి కూడా అతని ముఖంలోకి చూడలేదు.

కిందికి దిగేసరికి వాకిట్లో సుబ్బరావమ్మతో పాటు ఇంకో ఇద్దరు చేరారు.

"ఇంతకీ ఏమైందంట?" అంది మాధురి.

వీరబాబు గోడకి అతుక్కుపోయి నిలబడ్డాడు. నజీర్ అతని వంక చూసి, గురవమ్మ వైపు తిరిగాడు.

"నా తప్పేనమ్మా. పోయినసారి నట్టు సరిగా బిగించలేదు."

"విన్నారా! ఇంకోసారి ఇతన్ని పిలిస్తే ఒట్టు," అంది మాధురి. సుబ్బరావమ్మ ముక్కున వేలేసుకుంది. గురవమ్మ మాత్రం, అంత నోరూ ఏమైపోయిందో, ఒక్క మాట అనలేదు.

నజీర్ సామాను బండికి కట్టుకుంటుంటే తాడు ముడి కుదరలేదు. పని చేతకాదని నలుగురిలో తన నోటితో తనే ఒప్పుకోవడం అతనికి ఇదే మొదలు. ఎవరి వైపూ చూడకుండా బండి తీశాడు.

వీధి మలుపు తిరిగాడో లేదో, వెనక నుంచి కేక.

"నజీరూ! ఆగు నాయనా!"

గురవమ్మ. కాళ్లకి చెప్పులు కూడా లేవు. ఆయాసపడుతూ వచ్చి బండి హ్యాండిల్ పట్టుకుంది.

"అబద్ధం ఎందుకు చెప్పావు? నువ్వు గట్టిగానే బిగించావు కదా."

కొడుకు సంగతి తల్లికి తెలిసిపోయిందనుకున్నాడు నజీర్. "లేదమ్మా, పొరపాటు నాదే. నట్టు ఎంత బిగించానో మీకెట్టా తెలుస్తుంది?"

గురవమ్మ అటూ ఇటూ చూసింది. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, నేల చూపులు చూస్తూ గొణిగింది.

"కన్నకూతుర్ని లేచి బయట పడుకోమని చెప్పలేక, నిన్న ఆ నట్టు విప్పేసరికి నా రెక్కలు పడిపోయినయ్ నాయనా."