ఎవరి కప్పులు వారివి

ఎవరి కళ్ళజోడు వారికి నచ్చిన వార్తలే, నచ్చిన దృశ్యాలే చూపించే కాలమది. బొల్లారం ఫుట్‌బాల్ క్లబ్బు ఓనరును ఉంచాలా, సాగనంపాలా అని అభిమానులు ఆ సాయంత్రం ఓటు వేయాలి. అతడుంటే ఆడపిల్లల జట్టు మూసేస్తాడు. ఫిలోమినా కూతురు ఆ జట్టుకే గోల్‌కీపరు. అందుకే ఆమె టీకొట్టులో బుచ్చన్నను పట్టుకుంది.

"నీ ఓనరు ఒక్క కప్పన్న తెచ్చిండా అన్నా? పేపర్లన్నీ తిడుతున్నయ్."

"నీ పేపర్లు తిడుతున్నయ్. నా పేపర్ల మూడు కప్పులు గెలిచిండు. ఏడుపుగొట్టు మీడియాను నమ్మకు చెల్లె."

"అయితే నడువు, క్లబ్బుల షోకేసు చూద్దాం."

షోకేసులో బుచ్చన్నకు మూడు కప్పులు కనబడ్డాయి. ఫిలోమినాకు ఖాళీ అర కనబడింది.

"జోడు తియ్యి," అందామె. ఇద్దరూ తీశారు. జోడు లేకుండా చూసే అలవాటు లేని కళ్ళలోంచి నీళ్ళు కారాయి.

అరలో కప్పులు లేవు. దట్టమైన దుమ్ములో మూడు గుండ్రటి మచ్చలున్నాయి.

"చూసినవా, గెలిచిండు," అన్నాడు బుచ్చన్న.

"గెలిచిండు. మరి కప్పులేవి?"

బుచ్చన్న వంగి ఆ మచ్చలను ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాడు. "కప్పులు అమ్ముకున్నడు. నా ఓటు నీ బిడ్డకే. ఆగు, అందర్నీ తోలుకొస్త," అని ఓటు వరసలో ఉన్న తన పక్షం వాళ్ళను బతిమాలి పిలుచుకొచ్చాడు.

వాళ్ళొచ్చేసరికి ఒక పనివాడు తడిగుడ్డతో అర తుడిచేసి చెయ్యి కడుక్కుంటున్నాడు.

"ఓనరు తుడవమన్నడు," అన్నాడతడు. "దుమ్ముంటే మీడియా రాస్తదంట."

వచ్చినవాళ్ళు జోళ్ళు తీసి, ఒక్క మచ్చా లేని, తళతళలాడే ఖాళీ అరను చూశారు. మళ్ళీ జోళ్ళు పెట్టుకుని, కప్పులను చూసి సంతోషపడి, వెళ్ళి ఓనరుకే ఓటేశారు.