కొన్నది గుమ్మమే

అడవి నుంచి వాగుదాకా బాట వేయిస్తానన్నారు సింహంగారు. దారిలో పందికొక్కు బొరియ అడ్డొచ్చింది. పరిహారం తేల్చడానికొచ్చిన నక్క, బొరియ నోటికి తోక అడ్డంపెట్టి కొలిచింది.

"జానెడే! గుప్పెడు జొన్నలు తీసుకుని ఖాళీ చెయ్యి."

"లోపల కూడా చూడండి దొరా. మా తాతల నాటి నుంచి తవ్వుకున్న ఇల్లు."

"లోపల దూరితే నా బొచ్చు మాసిపోదూ? పైకి కనపడిందే లెక్క!"

పందికొక్కు జొన్నలు మూటగట్టుకుని, పెరటి కన్నంలోంచి మళ్లీ ఇంట్లోకే పోయింది. నక్క గుమ్మం పూడ్పించి బాట వేయించేసింది.

ప్రారంభం నాడు ముందు నడిచిన ఏనుగు కాలు మోకాలిదాకా దిగబడింది. కిందనుంచి గొంతు వినబడింది.

"మీరు కొన్నది గుమ్మమే కదా నక్కగారూ! ఏనుగుగారి కాలు మా వంటింట్లో ఉంది. తీరిగ్గా లోపలికొచ్చి కొలుచుకోండి. అందాకా ఆయన్ని కదలొద్దనండి, పొయ్యి మీద ఎసరుంది."