ఊదుడు పరీక్ష

ఆ యంత్రాన్ని పదకొండింటిలోపు మాయం చేయాలి. కబడ్డీ కెప్టెన్ సిద్ధార్థకు ఆ ఉదయం ఉన్న ఏకైక క్రీడా లక్ష్యం అది.

అందులోకి గాలి ఊదితే చాలు, ఎంత తాగామో అంకెల్లో చెప్పేస్తుంది. బెజవాడ ట్రాఫిక్ పోలీసుల చేతుల్లో ఉంటుందే, అలాంటిదే. ప్రిన్సిపాల్ వెంకటరత్నమ్మ గారు పట్టుబట్టి కొనిపించారు. కారణం లేకపోలేదు. పోయిన నెల కంకిపాడు పోటీల్లో సిద్ధార్థ కూతకొచ్చినవాణ్ణి వదిలేసి, రిఫరీని నడుం పట్టి ఎత్తి పడేశాడు. పట్టు మాత్రం అమోఘమని చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు.

పదకొండింటికి పరీక్ష, అంకె కనిపిస్తే జట్టులోంచి తీసేస్తామని నోటీసు పెట్టారు. సిద్ధార్థది స్పోర్ట్స్ కోటా సీటు. జట్టు పోతే సీటూ పోతుంది.

"ఒక్కరోజు మానలేకపోయావా అన్నా?" అన్నాడు జాకీర్. జట్టులో మందు ముట్టనివాడు అతనొక్కడే. అందుకే మిగతావాళ్లు అతన్ని కాస్త అనుమానంగా చూస్తారు.

"టెన్షన్ రా. పొద్దున్నే టెస్టుందని తెలిశాక తాగకుండా ఎట్లా ఉంటాం?"

పదింటికి వ్యాయామ అధ్యాపకుడు శౌరయ్య గారు యంత్రం ఉన్న తన గదికి తాళం వేయకుండా టిఫిన్‌కి వెళ్లారు. పావుగంటలో యంత్రం ఏలూరు కాలువలో మునిగిపోయింది.

పదకొండింటికి గ్రౌండ్ దద్దరిల్లింది.

"దొంగెవడో తేలేదాకా ఎవడూ కదలడానికి వీల్లేదు!" అని అరిచారు శౌరయ్య గారు.

"మన కాలేజీ పరువుకి సంబంధించిన విషయమండీ ఇది," అని సిద్ధార్థ క్రమశిక్షణ మీద అయిదు నిమిషాలు మాట్లాడాడు. రెండుసార్లు తూలాడు, అది ఆవేశం కింద జమైపోయింది. వెంకటరత్నమ్మ గారు చేసేదేమీ లేక పరీక్ష రద్దు చేసి వెళ్లిపోయారు.

"సిద్ధార్థా, నా రూముకి రా," అన్నారు శౌరయ్య గారు. లోపలికి వెళ్లగానే తలుపేశారు. "కాలువ దగ్గర నిన్ను చూశాను."

సిద్ధార్థకు ఒక్కసారిగా మత్తంతా దిగిపోయింది. ఆయన కాళ్ల మీద పడ్డాడు.

"తప్పయిపోయింది సార్! సీటు పోతే మా నాన్న నన్ను ఆటోనగర్ షెడ్డులో పడేస్తాడండీ. ఇంకెప్పుడూ మందు ముట్టనండీ." ఈసారి నిజంగానే ఏడ్చాడు.

శౌరయ్య గారు అతన్ని లేవదీసి గట్టిగా వాటేసుకున్నారు.

"మెల్లగా మాట్లాడరా బాబూ! నీ మేలు చచ్చినా మర్చిపోను. మేడం గారు ముందు నన్నే ఊదమన్నారు."