మర ఆడుతోంది

"బ్రాందీయా? తాగి ఈ గతి పట్టినవాడికి మళ్ళీ బ్రాందీ పొయ్యమంటారా?" సత్యకుమారి డాక్టరు మీదకి లేచింది.

లంకలో ఉన్నది ఒక్కటే సర్కారు ఆసుపత్రి. అందులో మంచం మీద ఆమె మొగుడు అబ్బులు రొప్పుతున్నాడు. నిన్న తాగిన కల్తీ సారా. తెల్లారేసరికి చూపు మసకేసింది. గోదారికి వరదొచ్చి ఏరు దాటించే పంటు కట్టేశారు. అంబులెన్సు అవతలి ఒడ్డున ఆగిపోయింది.

"వినండమ్మా," అంది డాక్టరు సాయిప్రసన్న. "లివర్లో ఎంజైమ్ అని ఒకటుంటుంది. పిండిమర అనుకోండి. సారాలో కలిపిన పాడు స్పిరిట్‌ని అది ఆడి, విషం చేసి ఒంట్లోకి వదుల్తోంది. మంచి బ్రాందీ పడితే మర ముందు దాన్నే ఆడుతుంది. ఈలోపు పాడుది ఆడకుండానే బయటికి పోతుంది. దీనికి ఇంజెక్షన్ నా దగ్గర లేదు."

"ఒసే, నీ చేత్తోనే పోస్తావన్నమాట," అబ్బులు నవ్వబోయి దగ్గాడు.

సత్యకుమారి కొంగు దోపి పరిగెత్తింది.

సారా అమ్మినవాడు పొద్దున్నే డబ్బాలు ఏట్లో గుమ్మరించి పారిపోయాడు. ఊళ్ళో తాగుబోతులందరితో తగువులాడిన మనిషి ఇప్పుడు వాళ్ళ గడపలే తొక్కింది. తన ఇంటి వైపు మాత్రం తిరగలేదు.

"మమ్మల్ని మానమని నువ్వు మొదలెట్టావా పిన్నీ?" అని ఒకడు ఇకిలించాడు. పోలీసులొస్తారన్న భయంతో, ఇంట్లో సీసా ఉన్నవాడు కూడా లేదన్నాడు.

ఉత్త చేతులతో తిరిగొచ్చేసరికి అబ్బులు కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆమెని మాత్రం చూడడం లేదు.

"ఎవరూ?"

"నేనేనండి."

"లైటెయ్యవే."

బయట ఎండ పేలిపోతోంది. లోపల మర ఆడుతూనే ఉంది.

గుమ్మం ముందు బండి ఆగింది. అబ్బులు తమ్ముడు పోతురాజు సీసా పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"దొరికింది వదినా! ముప్పాతిక సీసా ఉంది!"

"ఎక్కడిదయ్యా?"

"మీ ఇంట్లోదే. బియ్యం డబ్బాలో దాచానని నువ్వెళ్ళాక అన్నయ్యే చెప్పాడు."

సత్యకుమారి గోడకి జారబడింది.

"అదా..." అబ్బులు గొణిగాడు. "దాన్లో పస చచ్చిందిరా. ఎంత తాగినా ఎక్కట్లేదు. అందుకే కదా నిన్న సారాకి వెళ్ళింది."

"ఎక్కకపోయినా పర్లేదు, బ్రాందీ అయితే చాలు," అంటూ డాక్టరు గబగబా మూత తీసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. గ్లాసులో ఒంపి, మళ్ళీ వాసన చూసింది.

"ఇదేంటమ్మా?"

సత్యకుమారి మొగుడి వైపు చూడలేకపోయింది.

"తాగుడు మానిపిద్దామని... రోజూ కాస్త పారబోసి, ఆ మేరకి టీ డికాషన్ పోస్తున్నానండి."