ఏడో దిమ్మె

ఓవర్సీరు పానకాలరావు కుంటలోకి దిగేసరికి ఎండ నడినెత్తికొచ్చింది.

ఎనభై ఏడు సెప్టెంబరు. చినుకు లేదు. నల్లరేగడి కాలు పట్టేంత నెర్రెలిచ్చింది. పొదుపు చేయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చి, కరువు పని ఆపేసి పదకొండు రోజులు. ఇవాళ ఆఖరి కొలత. కొలిస్తేనే పల్లెలో ముప్పై ఇళ్లకు రావలసిన కూలి గింజలు వస్తాయి.

సగం తవ్విన ఆ కుంటలో ఏడు మట్టి దిమ్మెలు మనుషుల్లా నిలబడి ఉన్నాయి. తవ్వేటప్పుడు మధ్యమధ్యలో అలా పాత నేలను ముట్టకుండా వదిలేస్తారు. ఎంత లోతు తవ్వారో చెప్పే సాక్షులు అవే. కొలిచాక కొట్టేస్తారు. కొలిచేదాకా వాటిమీద పార పడకూడదు. మొదటిరోజు పానకాలరావే గట్టిగా చెప్పాడు.

ఎందుకో ఇవాళ ఆ దిమ్మెలు తననే చూస్తున్నట్టు అనిపించింది అతనికి. కూలీలు గట్టుమీద కూర్చుని ఉన్నా చప్పుడు లేదు. అదీ నచ్చలేదు.

"ఏమయ్యా జక్రయ్యా, అందరికీ నోళ్లు పడిపోయాయా?"

మేస్త్రి జక్రయ్య లేచాడు. "గింజల్లేక సారూ. పని ఎందుకు ఆపారండీ?"

"ఇంట్లో రాబడి తగ్గితే ఖర్చు తగ్గించుకోవూ? ప్రభుత్వమైనా అంతే."

"మా ఇంట్లో రాబడి తగ్గితే ఇంకో నాలుగు చోట్ల పనికి పోతామండి. పొయ్యి ఆర్పుకుని కూర్చోం. మా చేతిలో నాలుగు డబ్బులు పడితే సుబ్బరావమ్మ కొట్లో ఉప్పు అమ్ముడుపోద్ది. ఉప్పు అమ్ముడుపోతే ప్రభుత్వానికి పన్ను వచ్చుద్ది. మమ్మల్ని ఎండబెడితే ఎవడు కొంటాడు, ఎవడు కడతాడు?"

"పెద్ద మంత్రిలా మాట్లాడుతున్నావే! నేను చూళ్లేదా మీ పని? ఆ తుమ్మకొమ్మకి పసుప్పచ్చ పూల చీర ఊయల కట్టి, తట్టకోసారి పోయి ఊపి రావడం. ప్రభుత్వం గింజలిచ్చేది ఊపడానికా? పత్తి చేలకి పోండి. ఎటు చూసినా పత్తేగా!"

"అవునండి, ఎటు చూసినా పత్తే. పోయినేడు మా సమాధుల దొడ్డి కూడా దున్ని పెట్టారు. మా అయ్య మీద మొలిచిన పత్తి కూడా ఎండిపోయింది."

మామూలుగా అయితే దీనికి గట్టుమీద నవ్వులు రేగేవి. ఎవరూ నవ్వలేదు.

పానకాలరావు టేపు తీశాడు. ఆరు దిమ్మెలు కొలిచాడు. అన్నీ మూడడుగులే.

ఏడో దిమ్మె పక్కన కూలీల్లో ఒకతె, పున్నమ్మ, కూర్చుని ఉంది. చుట్టూ తుమ్మకంప నాటి ఉంది. దిమ్మెమీద ఈతచాప కప్పి ఉంది. పక్కన కొబ్బరిచిప్పలో నీళ్లు.

"ఇదేంటి? దిమ్మెకి గొడుగా?"

"ఎండకి పగులుద్దని అయ్యా."

"నీళ్లో?"

ఆమె చిప్పను దిమ్మెకు ఇంకాస్త దగ్గరగా జరిపింది. తనే అడిగింది. "పని మళ్లీ పెట్టరు గదయ్యా?"

"పెట్టరు."

"ఎప్పటికీ?"

"ఎప్పటికీ పెట్టరు. డబ్బుల్లేవు."

ఆమె ముఖం తేటపడింది. "పెట్టబాకండయ్యా. మీకు పుణ్యముంటది."

పానకాలరావు పగలబడి నవ్వాడు. "విన్నావా జక్రయ్యా? ఖర్చు తగ్గించడం మంచిదని మీ పల్లెలో ఒక్కదానికి తెలిసింది!"

జక్రయ్య తల ఎత్తలేదు. "పని ఆగిన నాలుగో రోజునుంచి దానికి మనసు బాలేదు సారూ. వదిలెయ్యండి."

చాప తీసి టేపు పెట్టాడు పానకాలరావు. మూడున్నర అడుగులు. వేలితో గుచ్చాడు. పైమట్టి గుల్లగా ఉంది. గడ్డి వేరు లేదు. కొత్త మట్టి.

అతని గొంతు మారింది. "దొంగ సాక్షి! పైన మట్టి పోసి ఎత్తు పెంచి, ఎక్కువ తవ్వామని గింజలు కొట్టేద్దామనా? ఇందుకే ప్రభుత్వం ఆపేసింది. మీలాంటి వాళ్ల మూలానే!"

"నా గింజలు కొట్టేసుకోండయ్యా," అంది పున్నమ్మ. "దిమ్మెను ఉంచండి. దీనిమీద పార పడగూడదని మీరే అన్నారు గదా. నాగలిగానీ పారగానీ పడని నేల మాకు ఇదొక్కటే."

"ఒక్కదాని గింజలు కాదు, ముప్పై ఇళ్లవీ పోతాయి!"

గట్టుమీద వాళ్లు ఆమెను తిట్టిపోస్తారనుకున్నాడు. వాళ్లలోంచి రెబ్కా మెల్లగా లేచి వచ్చి పున్నమ్మ పక్కన కూర్చుంది. వెనకే ఇంకొకామె.

జక్రయ్య చేతులు జోడించాడు. ఇందాక మంత్రిలా మాట్లాడిన మనిషేనా అనిపించింది. "అందరి కొలతా కొట్టేసుకోండి సారూ. ఒక్క గింజ అడగం. ఏలిముద్రలు కూడా వేస్తాం. దాన్ని మాత్రం ముట్టుకోబాకండి."

"అంటే అందరూ కలిసే చేశారన్నమాట!"



పానకాలరావు ఒళ్లు మండిపోయింది. పదిహేనేళ్లుగా కొలుస్తున్నాడు. దొంగ దిమ్మె కోసం కడుపు మాడ్చుకునే దొంగల్ని ఎక్కడా చూడలేదు.

"కొట్టెయ్ దాన్ని!"

జక్రయ్య కదల్లేదు. ముప్పై మందిలో ఒక్క చెయ్యీ పారమీద పడలేదు. అందరూ నేల చూస్తున్నారు. పున్నమ్మ దిమ్మెమీద వాలి, ఏదో లోపలికి చెబుతున్నట్టు, పెదాలు కదుపుతోంది.

"పక్కకి లాగండి దీన్ని!"

ఎవరూ లాగలేదు. అతనే భుజం పట్టి పక్కకు తోశాడు. చొక్కా చేతులు మడిచి, తనే పార అందుకున్నాడు. మొదటి వేటుకు మట్టి బూడిదలా రాలింది.

రెండో వేటుకు పార అంచుకు చిక్కి పసుప్పచ్చ పూల చీర పైకొచ్చింది, ఊయల ముడి ఇంకా విప్పకుండానే.