అరవాయన

ఆళ్లగడ్డ బస్టాండు పక్కన కొత్త పార్టీ సభ. ఎనభై మూడు ఎన్నికలకు ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి.

ఊళ్లో పార్టీకి కార్యదర్శి లక్ష్మీనారాయణ. స్టేజీ మెట్ల దగ్గర నిలబడి, ఎవరిని ఎక్కనివ్వాలో, ఎవరిని ఆపాలో తనే చూస్తున్నాడు.

బస్టాండులో కిరసనాయిలు స్టవ్వులు బాగుచేసే ముసలాయన అతని దగ్గరికొచ్చాడు. పేరు మురుగేశం. ఊరంతా అరవాయన అనే పిలుస్తుంది.

"సార్, నేను రెండు మాట చెప్పాల."

"ఏం చెప్తావప్పా?"

"తెలుగువాళ్లు ఒక్కటి అయినారు, సంతోషం. అది చెప్పి దిగిపోతాను."

వెనక కుర్రాళ్లు నవ్వారు. లక్ష్మీనారాయణకూ నవ్వొచ్చింది.

"ఈడ తెలుగోళ్ల ఆత్మగౌరవం గురించి మాట్లాడతాండాం. అరవోణ్ణి ఎక్కిస్తే జనం ఏమనుకుంటారు? పోయి ఆడ కూర్చో."

"సరే సార్."

ముసలాయన వెళ్లి జనంలో, నేల మీద కూర్చున్నాడు. సభ అయ్యేదాకా లేవలేదు. అందరితో పాటు చప్పట్లు కొట్టాడు.

పార్టీ గెలిచింది.

వారం తర్వాత విజయోత్సవం. నంద్యాల నుంచి బ్యాండు తెప్పించారు. ఊరేగింపు మలుపు తిరిగేసరికి ఎదురుగా పాడె వచ్చింది.

వెనక పదిమంది కూడా లేరు. ముందు నిప్పుకుండ పట్టుకుని నడుస్తున్నది బడిపంతులు సామ్యేలు.

లక్ష్మీనారాయణ చెయ్యెత్తి బ్యాండు ఆపించాడు. ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషి చేతిలో నిప్పుకుండ చూసి ఆశ్చర్యపోయాడు.

"ఎవరు సారూ పోయింది?"

"మురుగేశం. స్టవ్వులు బాగుచేసేటాయన."

"అరవాయనా? మొన్న సభకు కూడా వచ్చినాడే." లక్ష్మీనారాయణ పాడె వైపు చూశాడు. "మీరు నిప్పు పట్టినారేంది సారూ? ఆయనకు ఎవరూ లేరా?"

"లేరు. ఉద్యోగం పోయి మద్రాసులో తిండికి లేక తిరుగుతాంటే, నేనే ఈడికి పిల్చుకోనొచ్చినా. ముప్పై ఏండ్లాయె."

"ఏం ఉద్యోగం?"

"పోలీసు."

"ఎందుకు తీసేసినారు?"

సామ్యేలు నిప్పుకుండ చెయ్యి మార్చుకున్నాడు.

"యాభై రెండులో ఆంధ్ర రాష్ట్రం కావాలని మేం కాలేజీ పిల్లోళ్లం రైలు పట్టాల మీద కూర్చుంటే, కాల్చమని ఆర్డరిచ్చినారు. ఈయన తుపాకి కింద పెట్టేసినాడు."