కట్టకు గండి

కట్టకు గండి కొట్టేవాడు ఆ రోజు పొద్దున్నే దొరికిపోయాడు.

రొయ్యల గుంటల కాపలాదారు ఇమ్మానుయేల్ వెనకనుంచి వెళ్లి వాడి చొక్కా పట్టుకున్నాడు. దొరికినవాడు యాభై దాటిన మనిషి. చేతిలో పార.

స్వర్ణముఖి సముద్రంలో కలిసే చోటికి కాస్త ఈవల, మడ అడవికి ఉప్పునీళ్లు అందకుండా ఓనరు ధనశేఖర్ పోయించిన కట్ట అది. మడ ఎండితే ఇంకొన్ని గుంటలు తవ్వుకోవచ్చు.

"ఎవురు పంపినార్రా నిన్ను?"

"ఎవురూ పంపలేదబ్బా. పోటు దిగేలోపల ఇంకొంచెం తవ్వుకోనీ."

"నేను పూడ్సేది, నువ్వు తెంపేది. ఈ కట్టేమన్నా నీ సొత్తా?"

"నా సొత్తే అనుకో," నవ్వాడు వాడు.

ఇమ్మానుయేల్ కర్రతో మోకాలి మీద ఒక్కటిచ్చాడు. ఈడ్చుకెళ్లి మోటారు షెడ్డులో పడేసి తాళం వేశాడు.

ధనశేఖర్ ఫోనులో ఒకటే మాట చెప్పాడు.

"పోలీసుల్ని తీసకొస్తా. అందాకా తాళం తీసినావంటే నీ పని పోతాది."

రాత్రికి రావాల్సిన తుపాను మధ్యాహ్నానికే వచ్చేసింది. సముద్రం ఏట్లోకి ఎగదన్నింది.

షెడ్డులోంచి కేక వినిపించింది.

"అబ్బా, నీ పెండ్లాం బిడ్డలు యాడుండారు?"

"ఇంటికాడే. నా పెండ్లాన్ని శ్రీ సిటీ కంపెనీ పనికి తీసకపొయ్యే బస్సు ఈపొద్దు రాలా."

"గండి కాడ నీళ్లు తగిలి పచ్చగుండే చెట్లెక్కించు. ఎండినేటివి పట్టుకోవద్దు, ఇరుగుతాయి. పో."

తాళంచెవి ఇమ్మానుయేల్ జేబులోనే ఉంది.

వాళ్లను ఎక్కించి వచ్చి తీద్దాంలే అనుకుని పరుగెత్తాడు.

భార్య స్టెల్లాను, పాపను పచ్చచెట్టు మీదికి తోసేసరికి నీళ్లు గొంతుదాకా వచ్చాయి. తానూ ఓ కొమ్మ దొరకబుచ్చుకున్నాడు.

కళ్లముందే ఎండు మడంతా పుల్లల్లా విరిగి కొట్టుకుపోయింది. దాని వెనకే షెడ్డు రేకులు.

మర్నాడు శవాన్ని మిగిలిన కట్ట మీద పడుకోబెట్టారు. షెడ్డు తాళం సంగతి పోలీసులకు ధనశేఖర్ చెప్పలేదు. ఇమ్మానుయేల్ కూడా చెప్పలేదు.

కబురందుకుని శ్రీకాళహస్తి నుంచి చనిపోయినవాడి భార్య పంకజాక్షి వచ్చింది.

"ఎందుకక్కా, మా కట్ట మీద పడినాడు?" అడిగాడు ఇమ్మానుయేల్.

"మీదొకటేనా నాయనా. పోయినేడు ఇంకో ఊళ్లో ఇట్లనే కట్ట పోసి మడ ఎండబెడితే, నీళ్లొచ్చి బిడ్డలు పోయినారు. ఆ శవాల్ని సూసొచ్చినకాణ్ణించి ఇంతే. మళ్లీ బండెక్కలా."

"ఏం బండి?"

ఆమె, ఈగలు వాలుతున్నాయని తన భుజం మీది తువ్వాలు తీసి, శవం మొహానికి కళ్ల కిందిదాకా కప్పింది.

అప్పుడు గుర్తుపట్టాడు ఇమ్మానుయేల్.

రెండేళ్ల కిందట, దుమ్ముకు ముక్కు మీదుగా తువ్వాలు కట్టుకుని జేసీబీతో ఈ కట్ట పోసింది ఇతడే. "సుక్క నీళ్లు గూడా మడలోకి పోకూడదన్నా" అని దగ్గరుండి పోయించింది తను.